మైకుకి మోకాళ్ళు కనపడవు

పోయిన జూన్ 21 నుంచి చైతన్యపురిలో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద రోజూ పొద్దున ఆరింటికి యోగా క్లాసు జరుగుతోంది. అసోసియేషన్ డబ్బుల్తో స్పీకర్ కొన్నారు. నలభై చాపలు. నీళ్ళ ట్యాంకు పక్కన చిన్న అరుగు, అరుగు మీద ఇన్‌స్ట్రక్టర్, ఆయన చేతిలో మైకు. పదకొండో రోజు క్లాసు అయ్యాక మా అమ్మ మెట్లు దిగలేక లిఫ్ట్ దగ్గర నిలబడి, "నాతోని కాదురా ఈ యోగా. నాకు రాదు" అంది.

అమ్మకి 62. కుడి మోకాలి నొప్పి సూర్యాపేటలో ఉన్నప్పట్నుంచీ ఉంది. వజ్రాసనంలో కూర్చోమన్నారు, కూర్చుంది. ఇంకో రెండు నిమిషాలు అన్నారు, కూర్చుంది. చుట్టూ అందరూ కదలకుండా కూర్చుంటే తనొక్కతే కాళ్ళు చాపుకోవడానికి సిగ్గేసిందట.

"నాకు రాదు" అనే మాటతో నాకు పాత పరిచయం ఉంది. ఇంటర్‌లో ఈ ఏరియాలోనే ఒక హాస్టల్లో ఉండి ఎంసెట్ కోచింగ్ తీసుకున్నా. ఒక హాలు, నూట ఇరవై మంది పిల్లలు, ఒక మైకు. సార్ బోర్డు మీద ఇంటిగ్రేషన్ చేసుకుంటూ వెళ్ళిపోయేవారు. నా పక్కన కూర్చునేవాడికి అంతకంటే ఎంతో కింద, భిన్నాల దగ్గర ఎక్కడో ఒక ముడి పడిపోయింది. అది విప్పాలంటే ఎవరో ఒకరు వాడి నోట్‌బుక్కు పది నిమిషాలు చూడాలి. రెండేళ్ళు ఎవరూ చూడలేదు. "మ్యాథ్స్ నాకు రాదు" అని తేల్చుకుని పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి గల్లీల్లో ఇలా తేల్చుకుని ఊరెళ్ళిపోయిన పిల్లలు ఎంతమందో.

ఆ మైకు మీదే నా కోపం. కొంత కోపం మన మీద కూడా ఉంది, ముందు అది చెప్తా.

మన సాహిత్యం వాళ్ళ మధ్య యోగా ప్రస్తావన వస్తే రెండే రకాల మాటలు వినపడతాయి. ఒకటి భక్తి: అయిదు వేల ఏళ్ళు, ఋషులు, ప్రపంచానికి మనమిచ్చిన కానుక. రెండోది వెటకారం: సర్కారు తమాషా, మధ్యతరగతి పొట్టలు, సాఫ్ట్‌వేర్ వాళ్ళ వీకెండ్ ఆధ్యాత్మికత. నేను రెండో గుంపులో వాడినే. 2015లో మొదటి అంతర్జాతీయ యోగా దినం రోజు ఫేస్‌బుక్‌లో రాసిన పోస్టుకి వచ్చినన్ని లైకులు ఆ తర్వాత నా ఏ పుస్తక సమీక్షకీ రాలేదు. అయితే భక్తులు గానీ మనం గానీ ఒక మామూలు ప్రశ్న వేసుకోలేదు. ఇవ్వాళే మొదటిసారి వచ్చి చాప పరిచిన మనిషికి ఎలా నేర్పాలి? మనం నవ్వుకుని పక్కకి తప్పుకున్నాం. ఆ మనిషిని మైకు పట్టుకెళ్ళిపోయింది.

నా దారి మెడనొప్పితో మొదలైంది. రోజుకి పది గంటలు స్క్రీన్ ముందు కూర్చునేవాడికి ఇందులో వింతేం లేదు. రెండు యాప్‌లు వాడి మానేశాక, మా కొలీగ్ ఒకామె సరూర్‌నగర్ చెరువు దగ్గర మైసూరు పద్ధతిలో నేర్పే ఒక మేడం ఉన్నారని చెప్పింది. పొద్దున అయిదు నుంచి ఎనిమిది దాకా ఎప్పుడైనా వెళ్ళొచ్చు. వెళ్తే, ఒక పెద్ద గదిలో పదిమంది పది రకాలుగా ఉన్నారు. ఒకాయన తలకిందులుగా నిలబడ్డాడు, ఒకమ్మాయి ముందుకి వంగి ఉంది, మూల ఒక పెద్దాయన పడుకుని కళ్ళు మూసుకున్నాడు. మ్యూజిక్ లేదు. ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినపడదు. మేడం వచ్చి, వెనక్కి వంగినప్పుడు నడుం పట్టేస్తుందా, ఆపరేషన్లేమైనా అయ్యాయా, ఇవన్నీ అడిగాక ఇంకొకటి అడిగారు. "చెయ్యి వేసి సరిచేయొచ్చా? వద్దంటే నోటితోనే చెప్తా. ఇవ్వాళ సరేనని రేపు వద్దనొచ్చు."

తర్వాత సూర్య నమస్కారం, మొదటి రకం. అందులో తొమ్మిది కదలికలు, ఒక్కోదానికి ఒక ఊపిరి. ఆవిడ లెక్కపెడుతూ రెండుసార్లు చేయించారు. మూడోసారి నన్నే చేయమన్నారు, మధ్యలో మర్చిపోయా. ఆవిడ చెప్పకుండా నిలబడ్డారు. గుర్తొచ్చింది. అయిదుసార్లు అయ్యాక పడుకోమని, లేచాక, "ఇవ్వాల్టికి చాలు, ఇంటికెళ్ళండి" అన్నారు. మొత్తం ఇరవై నిమిషాలు. నెలకి రెండున్నర వేలు కట్టినవాణ్ణి, నాకు మండింది. ట్యాక్సీ మీటర్ లాగా నిమిషానికెంతో లెక్కేసుకున్నా కూడా.

నాలుగో రోజుకి విషయం అర్థమైంది. ఆవిడ అటు తిరిగి ఇంకొకరి దగ్గర ఉన్నా నేను చేసుకుంటున్నా. తర్వాతేంటని ఎవర్నీ చూడక్కర్లేదు. టెర్రస్ క్లాసుకి ఏడాది వెళ్ళినవాళ్ళని మైకు కట్టేసి చేయమనండి, సగంలో ఆగి పక్కవాళ్ళ చాప వైపు చూస్తారు. వాళ్ళని తప్పుపట్టను. వాళ్ళకి చేయించారు, నేర్పలేదు.

మైసూరు పద్ధతి అన్న పేరు పట్టభి జోయిస్ నుంచి వచ్చింది. ఆయన మైసూరు లక్ష్మీపురంలో ఇంట్లోనే నేర్పేవారు. ఆ గదిలో పన్నెండు చాపలు పట్టేవి. మిగతావాళ్ళు బయట మెట్ల మీద కూర్చునేవారు, లోపల ఒకరు ముగించగానే "వన్ మోర్!" అని కేక వినపడేది. వరస అందరికీ ఒకటే, కానీ ఎవరు ఎక్కడ ఆగాలన్నది మనిషిని బట్టి. ఒక ఆసనం కుదిరితేనే తర్వాతది ఇస్తారు. ఆయన గురువు తిరుమలై కృష్ణమాచార్య 1930లలో మైసూరు మహారాజు అండతో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపారు. బి.కె.ఎస్. అయ్యంగార్ కూడా అక్కడి నుంచి వచ్చినవారే. కృష్ణమాచార్య 1941లో కన్నడంలో రాసిన 'యోగాసనగళు' పుస్తకంలో ఆసనాలని ప్రాథమిక స్థాయి నుంచి ఆరితేరినవాళ్ళ స్థాయి దాకా మూడు మెట్లుగా పట్టికలో పెట్టారు.

ఈ వరసంతా 'యోగ కోరుంట' అనే పాత గ్రంథంలో ఉందని, ఆ తాటాకులని చీమలు తినేశాయని జోయిస్ చెప్పేవారు. చీమలకి ఎంత అదృష్టం! ఎన్.ఇ. స్యోమన్, మార్క్ సింగిల్టన్ లాంటి పరిశోధకులు తవ్వి చూస్తే, మైసూరు ప్యాలెస్ వ్యాయామశాల, ఆనాటి జిమ్నాస్టిక్స్, రాజావారి బడి పిల్లల ప్రదర్శనలు అన్నీ ఇందులో కలిసినట్టు తేలింది. హఠయోగ ప్రదీపికలో సూర్య నమస్కారాలే లేవు. అంటే ఇప్పుడు మనం చేసే రూపంలో ఇది వందేళ్ళు కూడా నిండని సంప్రదాయం. భక్తులకి ఇది వినపడదు, వెటకారం వాళ్ళకి ఇదొక్కటే వినపడుతుంది. నాకైతే వయసుతో పనిలేదు. సంప్రదాయం అని నేను దేన్ని అంటున్నానంటే, ఒక మనిషి ఇంకో మనిషి శరీరాన్ని చూసి, ఇవ్వాళ దీనికి ఎంత చాలో చెప్పగలగడాన్ని. అది నిన్న పుట్టినదైనా నాకు ఒకటే.

మైకు దగ్గరికి వద్దాం. క్రిటిక్‌నని చెప్పుకునేవాణ్ణి కాబట్టి ముందు దాని భాషని పట్టుకుంటా. ఈసారి ఆ స్పీకర్ తెలుగుని జాగ్రత్తగా వినండి. "నెమ్మదిగా శ్వాస తీసుకుంటూ... రెండు చేతులూ పైకి లేపుతూ... మోకాళ్ళు నిటారుగా ఉంచుతూ..." తూ, తూ, తూ. వాక్యం ఎక్కడా పూర్తవదు. సమాపక క్రియ లేదు, కర్త లేడు, నువ్వు లేదు, మీరు లేదు. ఎవరితోనూ మాట్లాడని తెలుగు అది. మాట్లాడే మనిషికి ఎదుట ఎవరున్నారో తెలియనప్పుడు వాక్యం సహజంగా అలాగే సాగుతుంది. కోచింగ్ హాల్లోనూ ఇదే వ్యాకరణం: "ఎక్స్‌ని ఇక్కడ సబ్‌స్టిట్యూట్ చేస్తూ..." మా మేడం వాక్యాలు మూడు నాలుగు మాటలకి మించవు. "అంకుల్, మడమ కింద పెట్టండి." "అమ్మా, మీ కుడి మోకాలు." "సంతోష్, ఊపిరి ఆపేశావ్." పిలుపు ఉంది, క్రియ ఉంది. తప్పు చేసిన చోటే మాట పడుతుంది. నలభై మందికి కలిపి అలాంటి వాక్యం ఒకటి చెప్పి చూడండి.

ఇది భాష గొడవ మాత్రమే కాదు. పద్మాసనంలో కాలు తుంటి దగ్గర తిరగాలి. తుంటి బిగుసుకున్న మనిషి పాదాన్ని లాగి ఎలాగోలా తొడ మీద పెడితే, తుంటిలో తిరగాల్సిన మెలిక మోకాలి మీద పడుతుంది. మోకాలు ప్రధానంగా మడవడానికి, చాపడానికి ఉన్న కీలు, అంత మెలిక తట్టుకోదు. చూడ్డానికి మాత్రం రెండు పద్మాసనాలూ ఒకేలా ఉంటాయి. అరుగు మీద నుంచి చూస్తే అసలు తేడా తెలీదు. పక్కన కూర్చుని, మోకాలు నేలకి ఎంత ఎత్తున ఉందో, మొహం ఎలా పెట్టారో చూసినవాళ్ళకే తెలుస్తుంది. కుర్చీలు, బల్లలు, గోడలు వాడి ముసలివాళ్ళకి నేర్పే విద్య కూడా ఉంది, అయ్యంగార్ బడి వాళ్ళు దాన్ని చాలా దూరం తీసుకెళ్ళారు. మా టెర్రస్ మీద కుర్చీ ఉంది. దాని మీద స్పీకర్ ఉంది.

ఈ మైకు ఎంత పెద్దదవ్వగలదో 2025 జూన్‌లో విశాఖలో చూశాం. 20న ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానంలో 22 వేలకి పైగా గిరిజన విద్యార్థులు 108 నిమిషాలు సూర్య నమస్కారాలు చేశారు. 21న ప్రధానమంత్రి సమక్షంలో ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు రోడ్డు పొడవునా చాపలు పరిచారు. మూడు లక్షల మందికి పైగా వచ్చారనీ గిన్నిస్ రికార్డు వచ్చిందనీ ప్రభుత్వం ప్రకటించింది. రికార్డు ఏదంటే, మనుషుల సంఖ్య. పొద్దున్నే లేచి వచ్చిన ఆ మనుషులని తక్కువ చేయను, నాకు ఆ ఓపిక లేదు. నా ప్రశ్న 22వ తారీకు పొద్దుటిది. ఆ పిల్లల్లో ఒకడు మర్నాడు తన ఊళ్ళో చాప వేసుకుంటే, వాడి కాలు వంకర పడితే, "ఇటు తిప్పు నాన్నా" అనే మనిషి అక్కడున్నాడా? మూడు లక్షల చాపలకయ్యే ఖర్చులో కొంత ఆ మనిషి జీతానికి పెట్టుంటే పేపర్లో ఫొటో వచ్చేది కాదు, అంతే.

దీనికి నా వృత్తిలోవాళ్ళ జవాబు నాకు కంఠతా వచ్చు: "బ్రదర్, ఇండివిడ్యువల్ టీచింగ్ స్కేల్ అవ్వదు." నేను పదకొండేళ్ళుగా స్కేల్ చేసే పనే చేస్తున్నా కాబట్టి లెక్క వేశా. మైకు క్లాసు: గంటలో నలభై మంది, టీచర్‌కి ఒక గంట పని. మైసూరు గది: పన్నెండు చాపలు, మూడు గంటలు, అంటే ముప్ఫై ఆరు చాప-గంటలు. కొత్తవాళ్ళు అరగంటలో వెళ్ళిపోతారు, పాతవాళ్ళు గంటన్నర ఉంటారు. సగం సగం అనుకుంటే సగటున మనిషికి గంట. ముప్ఫై ఆరు మంది. తేడా నలుగురు మనుషులు, ఒక టీచర్ రెండు గంటలు. మనం స్కేల్ అవ్వదంటున్నది ఈ రెండు గంటల జీతాన్ని. ఒక్కొక్కరికీ ఒక ప్రత్యేక గురువు కావాలని నేననడం లేదు, అది రాజుగారి పిల్లలకే చెల్లుతుంది. ఒకే గదిలో ఎవరి పాఠం వారు చేసుకుంటుంటే, టీచర్ తిరుగుతూ చూసుకోవడం గురించి చెప్తున్నా.

ఇది మనకి కొత్త కూడా కాదు. 1823లో బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని బడుల మీద ప్రభుత్వానికి నివేదిక పంపాడు. ఇవ్వాల్టి అనంతపురం అప్పుడు ఆ జిల్లాలోదే. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఈయనే, మన భాషతో పరిచయమున్నవాడు. ఆ తెలుగు, కన్నడ వీధిబడుల్లో పిల్లలు నాలుగు తరగతులుగా ఉండేవారని, చిన్నవాళ్ళని కొంతవరకు పెద్ద పిల్లలు చూసుకునేవారని, పంతులు పెద్దవాళ్ళకి చెప్తూనే బడి మొత్తం మీద కన్నేసి ఉంచేవాడని రాశాడు. పిల్లవాడు పై తరగతికి వెళ్ళేది వాడికి వచ్చినదాన్ని బట్టి. అదే మైసూరు గది. ఇందులో లగ్జరీ ఏముంది? పల్లెటూరి అరుగు మీద నడిచింది.

అదే నివేదికలో ఇంకో సంగతుంది. మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్నా. మూడోవాడి నుంచి బెత్తం దెబ్బలు, ఒకటి, రెండు, మూడు, పెరుగుతూ. చదవనివాణ్ణి చేతులు కట్టి దూలానికి వేలాడదీసేవారు. వీధిబడిని తలుచుకుని కళ్ళు చెమర్చే పెద్దలు ఈ పేరాని దాటేస్తారు. నేను దాటేయలేను, ఎందుకంటే నేను పొగుడుతున్న మైసూరు గదిలో కూడా ఈ పేరా ఉంది. 2009లో జోయిస్ చనిపోయారు. 2017 నుంచి ఆయన దగ్గర నేర్చుకున్న స్త్రీలు పలువురు, ఆసనం సరిచేసే నెపంతో ఆయన తమని లైంగికంగా తాకారని తమ పేర్లతోనే బయటపెట్టారు. 2019లో ఆయన మనవడు శరత్ జోయిస్ బహిరంగంగా క్షమాపణ అడిగారు. ఆ స్త్రీలు చెప్పినదాంట్లో నన్ను బాగా కలవరపెట్టింది ఇది: గదిలో మిగతావాళ్ళు ఉండగానే జరిగింది, చూసినవాళ్ళు దాన్ని గురువు చెయ్యి అనుకున్నారు. యోగా వాళ్ళ భాషలో ఆ సరిచేయడాన్ని అడ్జస్ట్‌మెంట్ అంటారు. 'అడ్జస్ట్ అవ్వు' అని మన ఇళ్ళలో ఎవరికి చెప్తామో మీకు తెలుసు.

కాబట్టి దగ్గరగా నేర్పడమే పరిష్కారం అని చెప్పి ఊరుకుంటే నేనూ భక్తుణ్ణే అవుతా. మైకు ఎవర్నీ చూడదు, ఎవర్నీ తాకదు కూడా. చాలామంది ఆడవాళ్ళు టెర్రస్ క్లాసునే నమ్ముకోవడానికి అది న్యాయమైన కారణం. దగ్గరికొచ్చే టీచర్‌కి ఉండే అధికారానికి పగ్గం వేయాలి, అది మొదటి రోజే పడాలి. సంప్రదాయం పేరు చెప్పి బోర్డు పెట్టుకున్న మన టీచర్లలో ఎక్కువమంది దీనికి విరుద్ధంగా మొదలుపెడతారు. వచ్చినవాడికి శ్లోకం అప్పజెప్తారు, గురుపరంపర చెప్తారు, ప్రశ్నలు వద్దంటారు. 99 శాతం అభ్యాసం, 1 శాతం సిద్ధాంతం అని జోయిస్ అనేవారు కదా, దాన్ని నోరు మూయించడానికి వాడతారు. ఆ ఒక్క శాతం కూడా టీచర్ దగ్గరే ఉంటుంది. ఎందుకు ఇరవై నిమిషాలకే పంపేస్తున్నారో, ఎందుకు ఈ ఆసనం దగ్గర ఆపేశారో చెప్పరు. అడిగితే అహంకారం. నాలాంటి మొండివాడు నాలుగో రోజు దాకా ఉన్నాడు. రెండో రోజే మానేసినవాళ్ళ సంగతేంటి?

కొత్తవాడికి మొదటి రోజే మామూలు తెలుగులో చెప్పాల్సినవి ఎక్కువ లేవు. మొదటి నెల తక్కువ చేస్తావు, ఎందుకంటే గుర్తుపెట్టుకోవాలి. గుర్తుంటేనే నేను లేకుండా చేయగలవు. పక్కచాప వాళ్ళు నీకన్నా ముందు మొదలుపెట్టారంతే. కీలులో నొప్పి వస్తే ఆగిపో, నా అనుమతి అక్కర్లేదు. నా చెయ్యి నీకు ఇష్టం లేకపోతే వద్దను, కారణం చెప్పక్కర్లేదు. ఫీజు ఇంత. ఇది చెప్పడానికి ఋషులెవరూ అవసరం లేదు.

కృష్ణమాచార్య కొడుకు దేశికాచార్ ఇంజినీరింగ్ చదివారు. 1960ల మొదట్లో ఒకరోజు ఇంటి ముందు కారు ఆగి, ఒక విదేశీ స్త్రీ దిగి, ఆచారపరుడైన ఆయన తండ్రిని వీధిలోనే కౌగిలించుకుందట. ఏళ్ళ తరబడి నిద్రపట్టని మనిషి, ముందు రాత్రి మాత్రలు లేకుండా నిద్రపోయిందని ఆ సంతోషం. నాన్న ఏం చేస్తున్నారో అప్పటిదాకా తనకి తెలియదని దేశికాచార్ చెప్పుకున్నారు. ఇంజినీరింగ్ వదిలి తండ్రి దగ్గర కూర్చున్నారు. 1976లో మద్రాసులో కృష్ణమాచార్య యోగ మందిరం పెట్టారు, అక్కడ నేర్పేది ఒక్కొక్కరికి విడిగా. మైసూరులో కుర్రాళ్ళని గెంతించిన కృష్ణమాచార్యే మద్రాసులో నిద్రపట్టని మనిషికి ఇంకేదో నేర్పారు. మనిషి మారితే పాఠం మారింది. నేను ఇంజినీరింగ్ వదలడం లేదు, ఈఎంఐలు ఉన్నాయి. కానీ ఆ వీధిలో నిలబడిన కుర్రవాడి మొహం నాకు బాగా ఊహకందుతుంది.

అమ్మని మేడం దగ్గరికి తీసుకెళ్ళడానికి మూడు వారాలు పట్టింది. "మళ్ళీ వజ్రాసనమేనా" అంటుంది. వెళ్ళాక మేడం ఆమెని కుర్చీలో కూర్చోబెట్టారు. ఊపిరి పీలుస్తూ చేతులు పైకి, వదుల్తూ కిందికి. తర్వాత గోడ పట్టుకుని నిలబడి మడమలెత్తడం. మోకాలి కింద మడిచిన దుప్పటి పెట్టి పడుకోవడం. పదిహేను నిమిషాలు. కిందికి దిగాక అమ్మ, "ఇంతేనా? దీనికి పైసలు తీసుకుంటదా?" అంది. నేను నవ్వలేదు, నేనూ అదే అన్నా కాబట్టి. ఇప్పుడు రెండు నెలలైంది. మోకాలు తగ్గిపోయిందని అబద్ధం చెప్పను. మెట్రో స్టేషన్లో మెట్లు ఇంకా దిగదు, లిఫ్టే. కానీ పొద్దున నేను లేచేసరికి డైనింగ్ టేబుల్ కుర్చీ హాల్లోకి లాగి ఉంటుంది. ఎవరూ చెప్పకుండా, తనే లెక్కపెట్టుకుంటూ చేస్తుంటుంది, తప్పు పోతే మళ్ళీ మొదట్నుంచీ.

వచ్చే ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌లో నా ప్రపోజల్ ఉంది. టెర్రస్ క్లాసుని ఆరు నుంచి తొమ్మిది దాకా చేసి, మైకు తీసేసి, ఆ ఇన్‌స్ట్రక్టర్‌నే చాపల మధ్య తిరగమని అడుగుదామని. ఆయనతో మాట్లాడా. ఆయనకీ అదే ఇష్టమట, మూడు గంటలకి జీతం ఇస్తే. నిజానికి అరుగు మీద నిలబడమన్నది మనమే. సెక్రటరీ గారు ఫోన్ చేసి నాకు ఒక్కటే చెప్పారు: స్పీకర్‌కి తొమ్మిది వేలయింది, దాన్నేం చేయాలో కూడా ప్రపోజల్లో రాయమని.